శిబిరాలలో సాయంకాలపు బడి

దక్షిణ రైల్వేలో రామేశ్వరం పోయే దారిన, పాంబన్ వంతెన ఇంకా రాకముందే, మండపం క్యాంప్ అనే చిన్న స్టేషను ఒకటి ఉన్నది. ఆ పేరులోని క్యాంపు ఏమిటో ఈ తరం రైల్వే ఉద్యోగులలో చాలామందికి తెలియకపోవచ్చును. బ్రిటిషు పాలనలో సింహళ ద్వీపపు తేయాకు తోటలకు తరలించే కూలీలను అంటురోగాల భయంతో కొన్నాళ్ళు నిలిపి ఉంచి, పరీక్షించి, పిమ్మట ఓడ ఎక్కించిన స్థలమది. 1914లో పాంబన్ వంతెన పూర్తయిన తరువాత మద్రాసు ఎగ్మూరులో బండి ఎక్కిన ప్రయాణికుడు ధనుష్కోటిలో దిగి, స్టీమరులో తలైమన్నారు చేరి, అక్కడ మరల రైలెక్కి కొలంబో పోయేవాడు. ఆ బండిని జనం బోట్ మెయిల్ అని పిలుచుకున్నారు. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోటి స్టేషనూ, ఆ రాత్రి అటు పోతున్న ప్యాసింజరు బండీ, అందులోని మనుషులూ సముద్రం పాలైనారు. అటుపైన ఆ దారి రామేశ్వరం వరకే మిగిలినది.

1983 జూలైలో శ్రీలంకలో తమిళులపై మారణకాండ జరిగిన పిదప ఆ క్యాంపు మరల నిండినది. ఈసారి ప్రయాణం ఎదురు దిక్కున సాగినది. చేపల పడవలలో, చీకటి మాటున, పిల్లలను ఒడిలో పెట్టుకొని జనం వచ్చారు. 1983 నుండి 1987 వరకు వచ్చినవారు సుమారు 1,34,000 మంది. 1989 ఆగస్టు మొదలు 1991 ఏప్రిల్ వరకు మరి 1,22,000 మంది. 1996 తరువాత ఒక తడవ, 2006 తరువాత మరొక తడవ. మొత్తము మూడు లక్షలకు పైబడినట్లు కేంద్ర హోం శాఖ లెక్క. అందులో సుమారు లక్షమంది 1995 నాటికే తిరిగి వెళ్ళిపోయినారు. మిగిలినవారిలో యాభై వేలకు పైగా జనం తమిళనాడులోని వందకు పైబడిన శిబిరాలలోనూ, కొద్దిమంది ఒరిస్సాలో మన సరిహద్దుకు ఆనుకొని ఉన్న మల్కన్‌గిరిలోనూ నేటికీ ఉన్నారు. శిబిరాల వెలుపల పోలీసు స్టేషనులో పేరు నమోదు చేయించుకొని బ్రతుకుతున్నవారు వేరు.

ఈ కాందిశీకుల కష్టాల చరిత్ర అంతా ఇక్కడ చెప్పుట మా ఉద్దేశ్యం కాదు. ఆ శిబిరాలలోని పిల్లలకు చదువు చెప్పినవారెవరు, వారికి మన దేశం ఏమి ఇచ్చినది అన్న సంగతి వరకే మేము పరిమితమవుతాము. చదువు చెప్పినవారిలో అధిక సంఖ్యాకులు తామే కాందిశీకులైన యువతీయువకులు. సగంలో చదువు మానివేసి పడవ ఎక్కినవారు. పద్దెనిమిదేండ్ల వాడు పన్నెండేండ్ల వాడికి లెక్కలు చెప్పుట, ఇరవై ఏండ్ల అమ్మాయి నలభై మంది పసిపిల్లలకు అక్షరాలు దిద్దించుట ఆ శిబిరాలలో నిత్యకృత్యమైనది. ఈ పని నలభై ఏండ్లుగా సాగుతున్నది. ఆనాడు నేర్చుకున్న పిల్లలు పెద్దవారై నేడు నేర్పుతున్నారు.

అసలు ఆ యుద్ధానికి చదువుకూ ఉన్న సంబంధం చూడకపోతే ఈ విషయం సగమే అర్థమవుతుంది. 1940వ దశకంలో కన్నంగర మంత్రిగా ఉండగా సింహళంలో ఉచిత విద్య వచ్చినది. మన దేశంలో ఆనాటికి అది కలలోని మాట. దాని ఫలితంగా ఆ ద్వీపమంతటా, ముఖ్యంగా వ్యవసాయానికి నీరు కరువైన యాఴ్ప్పాణం ప్రాంతంలో, చదువే పొలమూ, చదువే కట్నమూ అయినది. చదివినవారు ప్రభుత్వోద్యోగాలకు పోయారు. మన బోటివారే: గుమాస్తాలు, స్టేషను మాస్టర్లు, పోస్టు మాస్టర్లు. 1956లో సింహళమొక్కటే అధికార భాష అని చట్టం చేసినారు. ఆ భాషలో పరీక్ష ప్యాసు కాని తమిళ ఉద్యోగికి ఇంక్రిమెంటు, ప్రమోషను నిలిచిపోయే స్థితి ఏర్పడినది. నోటిమాటగా వచ్చిన సర్క్యులరుతో సీనియారిటీ తలక్రిందులైనపుడు ఎట్లుంటుందో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. 1970వ దశకంలో విశ్వవిద్యాలయ ప్రవేశాలకు కొత్త పద్ధతి పెట్టి, తమిళ విద్యార్థి అదే సీటుకు ఎక్కువ మార్కులు తెచ్చుకోవలసిన నియమం చేసినారు. అక్కడ యువకులలో రగిలిన ఆగ్రహానికి ఇది మొదటి అగ్గిపుల్ల. 1981లో మే ముగిసి జూన్ మొదలయ్యే రాత్రి యాఴ్ప్పాణం పబ్లిక్ లైబ్రరీని తగులబెట్టినారు. సుమారు 97,000 పుస్తకాలు, అందులో తిరిగి దొరకని తాళపత్ర గ్రంథాలు, బూడిదైనవి.

వీటి నడుమ జరిగిన మరొక సంగతి మన వంటివారు మరువరాదు. 1980 జూలైలో శ్రీలంక ఉద్యోగులు, అందులో రైల్వేవారు ముందు వరుసలో నిలిచి, జీతాల కొరకు సార్వత్రిక సమ్మె చేసినారు. జయవర్ధనే ప్రభుత్వం సుమారు నలభై వేల మందిని ఒక్క వేటుతో ఉద్యోగాల నుండి తొలగించినది. తొలగింపబడినవారిలో సింహళీయులూ ఉన్నారు, తమిళులూ ఉన్నారు. ఆ రెండు జాతులవారినీ ఒక జెండా క్రింద నిలిపిన సంఘాలు అట్లు విరిగిన మూడేండ్లకే 1983 వచ్చినది. ఒకటి జరిగినందువల్లనే రెండవది జరిగినదని మేము అనబోము. కాని అడ్డుకోగల చేతులు అప్పటికే విరిగి ఉన్నవని మాత్రం అనగలము.

ఇక శిబిరాల సంగతి. వచ్చిన పిల్లల చేతిలో టి.సి. లేదు, మార్కుల పట్టీ లేదు, చాలామందికి జనన పత్రం కూడా లేదు. ఇంటితోపాటు అవీ కాలిపోయినవి. భాష తమిళమే అయినా పాఠ్యపుస్తకం వేరు, చరిత్ర వేరు, పరీక్ష పద్ధతి వేరు. రెండు మూడేండ్లు బడి మానిన పిల్లవాడిని వయస్సుకు తగిన తరగతిలో వేస్తే పాఠం అందదు, క్రింది తరగతిలో వేస్తే పొట్టివారి నడుమ పొడుగువాడై సిగ్గుతో బడి మానుతాడు. ఈ చిక్కును విప్పినది ఏ విద్యాశాఖా కాదు. 1984లో ఈలం శరణార్థుల పునరావాసానికై కాందిశీకులే ఒక సంస్థను స్థాపించుకున్నారు. తమిళ నాయకుడు చెల్వనాయగం కుమారుడు, న్యాయవాది చంద్రహాసన్ దానికి ఆద్యుడు. ఆ సంస్థ మొట్టమొదట చేతబట్టిన పనులలో చదువు ముఖ్యమైనది. చదువు సగంలో ఆగిన విద్యార్థులు శిబిరం శిబిరానికి పోయి, అక్కడే ఉన్న చదువుకున్న యువకులను కూడగట్టి, చిన్నపిల్లలకు బాలవాడి, పెద్దపిల్లలకు సాయంకాలపు తరగతులు పెట్టించినారు. తరువాతి కాలంలో జెసూట్ శరణార్థి సేవాసంస్థ వంటివి తోడైనవి. అయితే సుద్దముక్క పట్టినది శిబిరంలోని యువజనులే.

ఆ శిబిరాలు ఎట్టివో చూడనివారికి ఒక మాట. కొన్నిచోట్ల వ్యవసాయ మార్కెట్ల గోదాములు, కొన్నిచోట్ల తుపాను షెల్టర్లు, మరికొన్నిచోట్ల తాటాకుతోనో తారు అట్టలతోనో వేసిన వరుస గదులు. ఒక్కొక్క కుటుంబానికి సుమారు పదడుగుల గది. అందులోనే వంట, పడక, ముసలివారి దగ్గు, పసివారి ఏడుపు. పిల్లవాడు పుస్తకం తెరువవలసినదీ అందులోనే. కావున సాయంకాలపు బడి అనునది ముందుగా ఒక చోటు. దీపం ఉండి, కూర్చునేందుకు నేల ఉండి, ఎవరూ కసరని చోటు. పాఠం ఆ తరువాతి మాట. తల్లిదండ్రులు తెల్లవారకముందే కూలికి, రంగులు వేసే పనికి, రాళ్ళు కొట్టే పనికి పోతారు. కావున పగలు బాలవాడిని నడిపే అమ్మాయి పసిపిల్లల మూతులు తుడిచి, గంజి పోసి, జ్వరమున్నదేమో నుదురు పట్టి చూచి, ఆ పిమ్మటనే పలక చేతికిస్తుంది. ఉపాధ్యాయురాలు అన్న మాట ఆమె పనిలో నాల్గవ వంతును కూడా తెలుపదు.

ఇందులో మరొక సంగతి ఉన్నది. దానిని దాచుట నిజాయితీ కాదు. అదే యువతరంలో మరికొందరు తుపాకి పట్టినారు. 1980వ దశకంలో వారికి మన గడ్డ మీదనే మన ప్రభుత్వపు విభాగాలు ఆయుధశిక్షణ ఇప్పించిన సంగతి ఇప్పుడు రహస్యం కాదు. ఆ ద్వీపంలో పులుల సంస్థ బడి వయస్సు పిల్లలను వేల సంఖ్యలో పోరాటంలోనికి లాగుకొన్నది. దాని నుండి చీలిపోయి ప్రభుత్వం పక్షాన చేరిన ముఠా కూడా అదే పని చేసినది. పధ్నాలుగేండ్ల పిల్లవాడు ఖాళీగా, కోపంతో, రేపు ఏమవుతుందో తెలియక కూర్చున్నచోట అట్టివారికి పని సులువు. లెక్కల పరీక్ష ఉన్నదని భయపడే పిల్లవాడిని లాగుట కష్టము. బడి నడిపిన యువకులు తాము శాంతి ఉద్యమం నడుపుతున్నామని చాటుకొనలేదు. కాని ఆ రెండు దారులలో వారు ఎన్నుకున్న దారి ఏదో, దానికి ఎవరి మద్దతు ఎంత దొరికినదో పోల్చి చూడండి. తుపాకికి ప్రభుత్వాల ఖజానా తెరుచుకొన్నది. సుద్దముక్కకు విరాళాల జోలె పట్టవలసి వచ్చినది.

1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగినది. చేసినది పులుల సంస్థ. అది క్షమింపరాని నేరము. అంతకుముందు ఆ ద్వీపానికి పంపబడిన మన సైనికులు సుమారు 1,200 మంది ప్రాణాలు కోల్పోయినారు. దేశమంతటా పుట్టిన దుఃఖాగ్రహాలు సహజమైనవి. కాని దాని శిక్ష ఎవరిమీద పడినది? తమిళనాడు ప్రభుత్వం కాందిశీకుల పిల్లలను బడులలో, కాలేజీలలో చేర్చుకొనుటపై ఆంక్షలు విధించినది. అంతకుముందు వృత్తి విద్యా కళాశాలలలో వారికి కేటాయించిన సీట్లు రద్దయినవి. 1993లో స్వచ్ఛంద సంస్థలను శిబిరాలలోనికి రానీయకుండా చేసినారు. 1996లో ప్రభుత్వం మారిన తరువాతనే ఇవి సడలినవి. ఈ మధ్యకాలంలో శిబిరపు పిల్లలకు మిగిలిన చదువు శిబిరంలోని యువకులు చెప్పిన చదువే. బయటివారిని వెళ్ళగొట్టవచ్చును గాని, లోపలనే నివసించే కాందిశీకుడిని ఎక్కడికి వెళ్ళగొడతారు? ఆ అయిదేండ్లలో చదువు తెగిపోయిన పిల్లలు కొందరున్నారు. వారి సంగతి ఎవరూ లెక్క తేల్చలేదు. తెగిపోనివారు మాత్రం ఈ యువకుల పుణ్యమా అని నిలిచారు.

పెద్దలమీది కక్ష పిల్లల మీద తీర్చుకొనుట మనకు తెలియని పద్ధతి కాదు. 1974 మేలో ఇరవై రోజుల రైల్వే సమ్మె సాగినపుడు సమ్మె చేసినవారి కుటుంబాలను క్వార్టర్ల నుండి సామానుతో సహా వీధిలోనికి నెట్టినారు. సమ్మె చేసినది తండ్రి, చెట్టు క్రింద పడుకున్నది పసివాడు. ఆనాడు బాధపడిన కుటుంబాలు నేటికీ మన సంఘాలలో ఉన్నవి. హంతకుడి భాష మాట్లాడినందుకు పదేండ్ల పిల్లవాడికి బడి తలుపు మూయుట అంతకంటె వేరుగా మాకు కనిపించదు.

ఈ విషయం మాట్లాడినపుడల్లా మన సభ్యులలో కొందరు వేసే ప్రశ్న ఒకటున్నది. మన పిల్లలకే దిక్కులేదు, రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్షకు ఏండ్ల తరబడి చదివి మా అబ్బాయి ఇంట్లో కూర్చున్నాడు, పరాయిదేశపు పిల్లల గొడవ మనకెందుకు అని. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసిపుచ్చము. ఆ అబ్బాయి బాధ నిజమైనదే. అయితే ఖాళీలు భర్తీ చేయకుండా అట్టిపెట్టినది మల్కన్‌గిరి శిబిరంలోని పిల్లవాడు కాదు. ఆ పని చేసినవారెవరో మనము ప్రతి మహాసభలో తీర్మానాలలో వ్రాస్తూనే ఉన్నాము. అదీగాక ఆ పిల్లవాడు మన అబ్బాయి ఉద్యోగానికి పోటీదారుడు కానే కాదు. భారత పౌరుడు కానందున ప్రభుత్వోద్యోగానికి దరఖాస్తు పెట్టే అర్హతే అతనికి లేదు. ఇంజనీరింగు ప్యాసై గోడలకు సున్నం, రంగు వేస్తున్న యువకులు ఆ శిబిరాలలో ఉన్నారు. చిన్న తమ్ముళ్ళు వారిని చూచి, ఈ చదువు ఎందుకు అని అడుగుతున్నారు. సాయంకాలపు బడి నడిపే ఉపాధ్యాయుడికి నేడు ఎదురవుతున్న అతి కష్టమైన ప్రశ్న అదే. దీనికి సమాధానం పాఠ్యపుస్తకంలో లేదు. పార్లమెంటు చేసే చట్టంలో ఉండవలసినది.

పరాయిదేశం అన్న మాట విషయంలో మరొక చిన్న సంగతి. తెలుగువారికి వలసకు, పారిపోవుటకు ఉన్న అనుభవం తక్కువది కాదు. రంగూను రేవులో, బియ్యపు మిల్లులలో చెమటోడ్చిన తెలుగు కూలీలు 1942లో జపాను దండయాత్రకు అడవులలో పడి నడిచి వచ్చారు. 1960వ దశకంలో అక్కడి సైనిక ప్రభుత్వం వ్యాపారాలను స్వాధీనం చేసుకున్న పిదప మరల వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట నేటికీ ఉన్నది. అయితే వారు భారతీయులుగా తిరిగి వచ్చారు. వారి పిల్లలకు బడి ప్రవేశం ఎవరి దయ మీదనో ఆధారపడలేదు. తేడా అంతా అక్కడనే ఉన్నది.

ఇక మా వంటి సంఘీయులు జాగ్రత్తగా మాట్లాడవలసిన చోటు ఒకటున్నది. త్యాగాన్ని పొగడుట సులువు. జీతం లేని పనికి సేవ అని పేరు పెట్టి చేయించుకొనుట పాలకులకు ఇంకా సులువు. పోస్టల్ సభ్యులకు దీని రుచి బాగా తెలుసును. పల్లెలో ఎండనక వాననక ఉత్తరం అందించేవారిని ఒకనాడు ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంటు అన్నారు, తరువాత గ్రామీణ డాక్ సేవక్ అన్నారు. సేవక్ అన్న మాట వచ్చినది గాని శాఖ ఉద్యోగి హోదా రాలేదు. శిబిరంలో చదువు చెప్పే యువతీయువకులది అంతకంటె క్రింది మెట్టు. వారికి దొరికినది ఏదైనా సంస్థ ఇచ్చే కొద్దిపాటి గౌరవ వేతనం, అదీ విరాళం ఆగితే ఆగిపోయేది. వారిలో చాలామంది పగలు కూలికి పోయి సాయంకాలం పాఠం చెప్పినవారే. ఇరవై ఏండ్లు చెప్పినా అది అనుభవంగా ఏ కాగితంలోనూ నమోదు కాదు. కనుక వారిని మెచ్చుకొని ఊరుకొనుట మాకు ఇష్టంలేదు. వారు చేసినది పని. పనికి వేతనముండవలెను, అనుభవానికి ధృవీకరణ ఉండవలెను.

సముద్రానికి అవతలి సంగతి కూడా కొంచెం చెప్పవలసి ఉన్నది. కొలంబో నుండి యాఴ్ప్పాణం పోయే యాఴ్ దేవి బండి 1956లో మొదలైనది, 1990లో యుద్ధం వల్ల ఆగిపోయినది. ఉత్తరాన పట్టాలను, స్లీపర్లను ఊడదీసి బంకర్లకు వాడినారు. రైల్వే కార్మికుడు దీనిని చదివి ఎట్లు బాధపడతాడో మాకు తెలుసును. 2009 మేలో యుద్ధం ముగిసినప్పుడు వన్ని ప్రాంతం నుండి బయటపడిన మూడు లక్షలకు చేరువైన జనాన్ని వవునియా దగ్గర మెనిక్ ఫామ్ అనే ముళ్ళకంచెల శిబిరాలలో ఉంచినారు. నెలల తరబడి ఊరు మారుస్తూ, గుండ్ల వాన క్రింద దాక్కుంటూ వచ్చిన విద్యార్థులు వారిలో ఉన్నారు. ఆ సంవత్సరం ఆగస్టులో ఉన్నత పాఠశాల తుది పరీక్షను ఆ శిబిరాలలోనే వ్రాసినారు. తల్లినో తండ్రినో పోగొట్టుకొని మూడు నెలలు కాకుండానే పరీక్షకు కూర్చున్నవారు కూడా అందులో ఉన్నారు. పరీక్షను వాయిదా వేయమని అడుగవలసిన పిల్లలు, మాకు పరీక్ష పెట్టండి అని అడుగుట చదువు విలువ తెలిసిన జాతికే సాధ్యమేమో.

2014 అక్టోబరులో యాఴ్ దేవి మరల యాఴ్ప్పాణం చేరినది. ఆ మార్గం వేసినది మన దేశపు ఇర్కాన్ సంస్థ, అప్పు ఇచ్చినది మన ప్రభుత్వం. 2015 మార్చిలో తలైమన్నారు మార్గం కూడా తెరుచుకున్నది. మన ఇంజనీర్లు, కార్మికులు చేసిన ఈ పని పట్ల మాకు గర్వమున్నది. కాని యుద్ధం ముగిసిన అయిదేండ్లకు పట్టాలు తిరిగి వేయగలిగిన రెండు ప్రభుత్వాలు, నలభై ఏండ్లు గడిచినా ఇక్కడి శిబిరాలలో చదివిన పిల్లల పత్రాలు అక్కడ చెల్లుట, అక్కడ పుట్టినవారు ఇక్కడ పనిచేయుట అను రెండు చిన్న విషయాలను ఇబ్బంది లేకుండా తేల్చలేకపోయినవి. తిరిగి వెళ్ళినవారిలో ఇక్కడి డిగ్రీకి గుర్తింపు తెచ్చుకొనుటకై ఆఫీసుల చుట్టూ తిరిగినవారున్నారు. శిబిరంలో పుట్టిన బిడ్డలకు జనన పత్రాలు, ఆ దేశపు పౌరసత్వపు కాగితాలు సంపాదించుటకు కూడా ఈ యువ కార్యకర్తలే తిరుగవలసి వచ్చినది. చదువు చెప్పేవాడే గుమాస్తా, వాడే వకీలు.

ఇది ఒక్క ద్వీపపు కథ కాదు. ఉక్రెయినులోని ఖార్కివ్ నగరంలో 2023 సెప్టెంబరు నుండి మెట్రో రైలు స్టేషన్లలో భూమి లోపల తరగతులు నడిపినారు. పైన క్షిపణులు, క్రింద ప్లాట్‌ఫారం ప్రక్కనే పలకలు. గాజాలో 2023 అక్టోబరు తరువాత బడులే నిరాశ్రయుల నివాసాలైనవి. తమ విశ్వవిద్యాలయాలు కూలిపోయిన యువతీయువకులు గుడారాలలో పిల్లలను కూర్చోబెట్టి చదువు చెప్పినారు. ఎక్కడ చూచినా వరుస ఇదే. ముందు మేలుకొనేది ప్రక్కవాడు, ఆఖరున వచ్చేది ప్రభుత్వం.

న్యాయం మాట చూద్దాము. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒడంబడికపై మన దేశం సంతకం చేయలేదు. శరణార్థి అన్న మాటకు మన చట్టాలలో తగిన స్థానం లేనందున ఈ జనం విదేశీయుల చట్టం క్రిందనే బ్రతికినారు. హాజరు పట్టీలో వ్రేలిముద్ర, క్యూ బ్రాంచి పోలీసుల తనిఖీ, ఊరు దాటాలంటే అనుమతి. 1987 జూలై 1కి ముందు ఈ దేశంలో పుట్టినవారు చట్టప్రకారం పౌరులే. మండపం శిబిరంలో 1986లో పుట్టిన ఒక స్త్రీకి ఆ మాట ఒప్పించుకొనుటకు 2022లో మద్రాసు హైకోర్టు మెట్లెక్కవలసి వచ్చినది. ఆ తేదీ తరువాత పుట్టినవారికి, తల్లిదండ్రులలో ఒకరు భారతీయులైతే తప్ప, ఆ దారి లేదు. శిబిరాలలో నేడు చదువు చెబుతున్న యువకులు ఎక్కువమంది ఈ రెండవ తరగతివారు. శ్రీలంకను వారు కంటితో చూడలేదు. 2019లో పౌరసత్వ చట్టాన్ని సవరించినపుడు మూడు దేశాల పేర్లు వ్రాసినారు, అందులో శ్రీలంక లేదు. 2025 మేలో సుప్రీంకోర్టు ధర్మాసనమొకటి శ్రీలంక తమిళుడొకరి పిటిషను విచారిస్తూ ఈ దేశం ధర్మశాల కాదని వ్యాఖ్యానించినది. న్యాయస్థానంపై గౌరవముంచియే మేము అనేదేమనగా, ధర్మశాలలో ఎవరూ నలభై ఏండ్లు ఉండరు, అక్కడ పిల్లలు పుట్టి పెరిగి మనుమలను ఎత్తరు. అదే ఏడు సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం, 2015 జనవరి 9 లోపల వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు పాస్‌పోర్టు, వీసా లేనందున పడే శిక్షల నుండి మినహాయింపు ఇచ్చినది. మంచిదే. నేరస్థుడు కాదని ఒప్పుకొన్నారు. ఇక మనిషి అని ఒప్పుకొనుట మిగిలినది.

తమిళనాడు ప్రభుత్వం 2021లో 317 కోట్ల రూపాయల పథకం ప్రకటించి, 7,469 ఇండ్లు కట్టుటకు పూనుకొని, విద్యార్థులకు సహాయం పెంచి, శిబిరాలకు పునరావాస శిబిరాలని పేరు మార్చినది. ఏ పార్టీ చేసినా మంచి పని మంచిదే. ఆ పథకంలోనే సాయంకాలపు బడుల ఉపాధ్యాయులకు నెలజీతం చేర్చవలసినదని, వారి అనుభవాన్ని ఉపాధ్యాయ శిక్షణలో పరిగణింపవలసినదని మా అభిప్రాయం. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుండి పధ్నాలుగేండ్ల ప్రతి బిడ్డకు అని అన్నది, ప్రతి పౌరుడి బిడ్డకు అనలేదు. ఆ ఒక్క మాటను పట్టుకొని ఇంతవరకైనా బడి తలుపులు తెరిచి ఉన్నవి. పధ్నాలుగు దాటిన తరువాత ఏమి అన్నదే చిక్కు. డిగ్రీ వరకు చదివినవారికి పనిచేసే హక్కు ఇచ్చే పత్రం, ఇక్కడే పుట్టినవారికి పౌరసత్వానికి దరఖాస్తు పెట్టే దారి, ఈ రెంటి కొరకు మన సమాఖ్య గొంతు కలుపవలసి ఉన్నది.

శాఖలు చేయగల పని ఢిల్లీ దాకా పోనవసరం లేదు. గూడూరు చెన్నై మార్గంలో పనిచేసే మన తెలుగు సభ్యులకు గుమ్మిడిపూండి కొత్త ఊరు కాదు. ఆంధ్ర సరిహద్దుకు కూతవేటు దూరంలోని ఆ ఊరిలోనే పెద్ద శిబిరమొకటి ఉన్నది. తిరుచ్చి, మదురై, రామనాథపురం చుట్టుప్రక్కల శాఖలకు మరికొన్ని దగ్గరలోనే ఉన్నవి. ఉత్తరాలు పంచే పోస్ట్‌మాన్‌కు ఆ గదుల నంబర్లు, ఏ ఇంట పరీక్ష హాల్ టికెట్టు కొరకు ఎదురుచూస్తున్నారో అందరికంటె ముందు తెలుసును. రెవెన్యూ అధికారుల అనుమతి తీసుకొని, మొదట ఆ యువ ఉపాధ్యాయుల దగ్గరకే పోయి ఏమి కావలెనో అడుగవలెను. మన ఇంట్లో పాతబడిన తెలుగు పుస్తకాల కట్ట వారికి పనికిరాదు. వారు అడిగేది బహుశః పదవ తరగతి, పన్నెండవ తరగతి తమిళ మాధ్యమపు గైడ్లు, ఒక నల్లబల్ల, పరీక్షల నెలలో ఇంగ్లీషు, లెక్కలు చెప్పేందుకు ఒక మనిషి కావచ్చును. రిటైరైన గార్డులు, పోస్టు మాస్టర్లు, అక్కౌంట్స్ సెక్షనువారు ఎంతోమంది సాయంకాలం తీరికగా ఉన్నారు. మార్చి పరీక్షలకు ముందే, అనగా జనవరి లోపల, శాఖా కార్యదర్శులు ఇట్టివారి పేర్లు, వారు చెప్పగల సబ్జెక్టు, వారానికి ఇవ్వగల రోజులు వ్రాసి డివిజను కార్యాలయానికి పంపవలసినదిగా కోరుచున్నాము.